రెండో వైరు

ఆగస్టు, 2008

రాజకుమారీ,

జ్వరం తగ్గి నిన్న పెదబయలు ఆఫీసుకొస్తే నా కుర్చీలో నువ్వున్నావు. నేను ఉద్యోగం మానేశానని సారుకు నువ్వే చెప్పావట.

మన కాఫీ రైతుల సంఘం కంప్యూటర్ సర్వర్లు రెండూ "ఉన్నావా" అని ఒకదాన్నొకటి అడుగుతూనే ఉంటాయి. జవాబు రాకపోతే రెండోది వెంటనే మొదటిదాని పని అందుకుంటుంది. బయట రైతులకు తెలియను కూడా తెలియదు. ఇదంతా నీకు నేర్పింది నేనే. పోయిన వానాకాలం వాటి మధ్య వైరును ఎలుక కొరికేసింది. మొదటిది బాగానే నడుస్తున్నా రెండోది దాని పని లాక్కుంది. "బతికున్నదాన్ని సచ్చిపోనాదనుకున్నాది, పాపం" అని నవ్వావు. మళ్లీ అలా జరగకూడదని ఇద్దరం కూర్చుని రెండో వైరు వేశాం.

కొండచరియ విరిగిపడి మా ఊరి ఫోను పోయింది, నిజమే. నీకు కబురు అందలేదేమోనని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ మా గాసి మావ ప్రతి వారం పెదబయలు సంతకు వస్తూనే ఉన్నాడు. నిన్న ఇంటికి రాగానే ఆయన్ను అడిగాను.

"ఆ రాజకుమారి గుంటకి సెప్పానమ్మా. జొరం తగ్గిపోనాది, వచ్చే వారం వచ్చెత్తాదని సెప్పాను. సరే అన్నాది" అన్నాడు.

ఈ సంతకూ ఆయన వస్తాడు. ఆఫీసులో ఉండిపోయిన నా గొడుగు ఇచ్చి పంపు. నేనెలా ఉన్నానని మాత్రం అడగొద్దు.