ఎవరి మనిషీ కాని ఇంజనీరు

తమ్ముడు సుధాకరా,

‘చిరంజీవి’ అని మొదలుపెట్టబోయి కలం ఆపాను.

కంపెనీ ఇంజనీరుగా నీవు సంతకం చేయనన్న ఆ రసాయన వ్యర్థాల ట్యాంకును ఈ రోజు మళ్లీ పరీక్షించారు. దాని దృఢత్వాన్ని ధ్రువీకరించే ఇంజనీరు కంపెనీ ఉద్యోగి కాకూడదని ఇప్పుడు నిబంధన ఉన్నది. ప్రొద్దుటూరు నుండి ఒక అమ్మాయి వచ్చింది. ఊరివారి తరఫున నేనూ వెళ్లాను. ట్యాంకు ఖాళీ చేయించి, లోపలికి దిగి చూసింది. అడుగు రేకును తుప్పు తినేసింది.

“సంతకం పెట్టి పోమ్మా, నీ సొమ్మేం పోతాది? ఇంతకీ నువ్వు ఎవురి మనిషివి?” అన్నాడు మేనేజరు.

“ఎవురి మనిషినీ కాను సార్. అట్లాంటోళ్లే చూడాలని గదా రూలు!” అని ఆమె నవ్వింది.

ప్రతివాడూ ఏదో ఒక పార్టీ మనిషిగా బతికిన ఆ ముఠాల రోజుల్లో నీవూ అదే మాట అన్నావు. సాయంత్రం ఇంటికి వస్తుండగా జమ్మలమడుగు రోడ్డు మీద నిన్ను నరికిన తరువాత, నీ పాడె మోయడానికి ఏ పార్టీవారూ రాలేదు. నా విద్యార్థులే మోశారు.

ఆమె సంతకం చేయకుండానే బయలుదేరింది. చేరగానే ఫోన్ చేయమని మరీ మరీ చెప్పాను.

ఇప్పుడే చేసింది. “ఇల్లు చేరినా సార్” అన్నది.

ఆ సాయంత్రం నేను నీ నోట వినవలసిన మాట అది.

అన్న