ఊయల కింద బూట్లు

హొక్కాయిడో, సరస్సు ఒడ్డు
జూన్ 14

సాయోకోకి,

నేను క్షేమం, నా నడుము అంతకంటే క్షేమం.

రెండు చెట్ల మధ్య కట్టిన కొత్త గుడ్డ ఊయల ఎక్కీ ఎక్కగానే నన్ను బోర్లా పడేసింది. రెండోసారి కాస్త ఏటవాలుగా పడుకుంటే, మన మంచం ఏనాడూ ఇవ్వని సుఖం ఇచ్చింది. అయితే ఎక్కేముందు, ఇంట్లోకి వెళ్తున్నట్టే బూట్లు విప్పి, మొనలు బయటివైపు తిప్పి, కింద జతగా పెట్టాను. మధ్యాహ్నం కునుకు తీసి కళ్లు తెరిచేసరికి, ఎడమ బూటు నోట కరుచుకుని ఒక నక్క పొదల్లోకి పోతోంది! పక్క గుడారంలోని మొరిషిత మామ్మ పగలబడి నవ్వింది.

"ఏం నాయనా, గాల్లో వేలాడే గుడ్డకి కూడా గుమ్మం ఉందా? ఇక్కడ బూట్లు తల దగ్గర పెట్టుకోవాలయ్యా!"

తన చెప్పులు ఇచ్చింది. నా మడమలు సగం నేల మీదే.

టమాటా మొక్కలకి కర్రలు కట్టావా? నా పాత బూట్లు మెట్ల కింద అల్మరాలో ఉన్నాయి. పార్సిల్ చెయ్యకు, నువ్వే తీసుకురా. మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పి, పిల్లిని ఆవిడకి అప్పగించు.

ఈ వయసులో చెట్టుకి వేలాడతావా అని కొట్లో నువ్వు నన్ను తిడుతుండగానే, ఇద్దరు పట్టేది చూసి కొన్నాను.

మసనొరి