తెల్ల డిసెంబరాల అధ్యాయం

కుప్పం

ప్రియమైన అమ్మకు,

ప్రభువు నామంలో నీ కూతురు బీనా వందనాలు. ఆయన కృప వల్ల ఇక్కడ నేను బాగానే ఉన్నాను. మదనపల్లెలో నువ్వూ, నీ మోకాళ్ళూ బాగున్నాయని తలుస్తాను.

వేళకు తింటున్నావా అని రాశావు. మా హాస్టల్ సాంబారుకు వేళతో పనిలేదు, ఎప్పుడు తిన్నా ఒకటే. పుంగనూరులో మెర్సీ పిన్నిని చూశావా అన్నావు. చూశాను. వాళ్ళ ఇంటి వెనక గుట్టలో డిసెంబరాలు కోసుకుని, రాగిసంకటి తినే వచ్చాను. ఫోన్ ఎందుకు ఎత్తడంలేదన్న దానికి మాత్రం జవాబు పెద్దది. ఎత్తితే నీ మీద అరిచేస్తానని భయం.

నా పనిని నువ్వు "పూల దుమ్ము చదువు" అంటావు. సరే, అదే అనుకో. దగ్గరి చుట్టాలైన మొక్కలు పైకి ఒకేలా ఉంటే, పుప్పొడిని యాసిడ్‌లో ఉడికించి, మిగిలిన పుప్పొడి గింజల పెంకును మైక్రోస్కోపులో చూసి, ఏది ఏ జాతో తేలుస్తాను. పుంగనూరు, కుప్పం డిసెంబరాల గింజలు గుండ్రంగా, తేనెపట్టులా గళ్ళుగళ్ళుగా ఉన్నాయి. నువ్వు సంఘం ఆడవాళ్ళతో హార్స్‌లీ హిల్స్‌కు పోయి నా కోసం కోసుకొచ్చిన తెల్ల డిసెంబరాల్లో మాత్రం వాటితోపాటు పొడుగాటి గింజలు కూడా కనిపించాయి. మా గైడు సారు ఎగిరి గంతేశాడు. "ఒకే పువ్వులో రెండు రకాలు! ఇది వేరే జాతి బీనా, రాసెయ్" అన్నాడు. థీసిస్‌లో ఒక అధ్యాయమంతా దాని మీదే రాశాను.

నాకెందుకో నమ్మకం కుదరలేదు. మళ్ళీ పూలు కోద్దామని కొండెక్కితే, ఆ పొదలున్న చోట ఏదో రిసార్టు గోడ లేచింది. జేసీబీతో వేర్లతో సహా లాగేశారట. అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఇక నీకు చెప్పకుండా దాచిన మాట. పోయిన నెల చర్చిలో కీర్తన చదవమంటే నీ బైబిలు తీసుకున్నాను కదా. పేజీల మధ్య కనకాంబరాలు అణిగి ఉన్నాయి. పక్కనే తెల్ల డిసెంబరాల మరక. "పువ్వు చెడిపోకుండా వాక్యంలో పెట్టినానమ్మా" అని నువ్వు మురిసిపోతూ చెప్పిన మాట గుర్తొచ్చింది. ఒక కనకాంబరం తెచ్చి ఉడికించి చూశాను. అవే పొడుగాటి గింజలు. బైబిల్లో పక్కపక్కన అణిగినప్పుడు వీటి పుప్పొడే డిసెంబరాలకు అంటుకుంది. రెండూ ఒకే కుటుంబం మొక్కలు కాబట్టి మాకు తేడా తట్టలేదు.

పాత పేపర్లో పెట్టమని నీకు ఎన్నిసార్లు చెప్పానమ్మా! సారుకు చెప్తే, "యెవురికి తెలస్తాది? గింజలు ఆడ ఉండాయి, ఫొటో ఉండాది. గమ్మునుండు" అన్నాడు. ఉండలేకపోయాను. నిన్న ఆ అధ్యాయం తీసేశాను. ఈ ఏడాది థీసిస్ ఇవ్వలేను. చర్చిలో నా కూతురు డాక్టరు అయిందని నువ్వు చెప్పుకోవడానికి ఇంకా ఆగాలి. రిసార్టు మీద, సారు మీద కోపంగా ఉంది. నీ మీద కూడా ఉంది.

కానీ నీ మీద నిలవడంలేదు. ఆ కనకాంబరాలు ఎక్కడివో నాకు తెలుసు. నాన్నను మట్టి చేసిన రోజు శవపెట్టె మీది నుంచి తీసుకున్నవి. ఎన్నడూ తలలో పూలు పెట్టుకోనిదానివి, వాటిని మాత్రం దాచుకున్నావు. కొత్త జాతి, కొత్త జాతి అని ఇన్నాళ్ళూ కళ్ళు పీక్కుపోయేలా నేను చూసింది వాటినే. అధ్యాయమే పోయాక ఆ గింజల స్లైడు ఎందుకు, పారెయ్యమన్నాడు సారు. అది మాత్రం నా చేత కాలేదమ్మా.

ఇట్లు,
నీ కూతురు
బీనా