గాలిలో తిప్పే పానా

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున నీ ఫోటోకు దండ వేసి నేరుగా కార్ఖానాకు వచ్చాను. ఇవాళ్టి నుంచి మన షెడ్డుకు పెద్ద మిస్త్రీని నేనే.

బట్ట నేసే సాంచాల మోతలో మాట వినబడదని మీరంతా చేతులతోనే మాట్లాడుకునేవారు. సాంచా ఆగి, బాగుచేసే మిస్త్రీ కావాలంటే చెయ్యెత్తి, గాలిలో పానా బిగించినట్టు తిప్పేవారు. పన్నెండో తరగతి అయ్యాక కాలేజీ వద్దు, ఈ పని నేర్చుకుంటానంటే నువ్వు నవ్వావు. "ఆడివిల్లవు, నిన్నెవడు పిలుస్తడు బిడ్డా?" అన్నావు. అన్నావే గాని, అంజూర్ ఫాటా బజారుకు తీసుకుపోయి నా మొదటి పానా కొనిచ్చింది నువ్వే.

నీ పక్క సాంచా నడిపిన రాజన్న కాక గుర్తున్నాడు కదా? ఇన్నేళ్లూ తన సాంచా ఆగితే, పక్క షెడ్డు మిస్త్రీ వచ్చేదాకా ఖాళీగా కూర్చున్నాడే గాని నన్ను పిలవలేదు.

ఇవాళ మధ్యాహ్నం ఆయన సాంచా ఆగింది. కాక లేచి నిలబడ్డాడు. అటూ ఇటూ చూసి, చివరికి నన్నే చూస్తూ గాలిలో పానా తిప్పాడు. నేను పోయి విప్పుతుంటే చెవి దగ్గరికి వంగి అరిచాడు. "ఎంతసేపు మిస్త్రీ? జర జల్ది సూడు."

అందరు మిస్త్రీలనూ కసిరినట్టే నన్నూ కసిరాడు. సాంచా నడిచింది. అంతలో షెడ్డు ఆ చివరి నుంచి ఇంకో చెయ్యి లేచింది.

ఎవడు పిలుస్తడని అడిగావు కదా బాపూ. షెడ్డంతా పిలుస్తోంది.

నీ బిడ్డ