పంచదార అంటిన సంచి

ఇసిద్రాకి, దీవి మీద అందరం బాగున్నాం. తుఫానుకి మా పాక కప్పు మాత్రమే ఎగిరిపోయింది. బెలీజ్ రేడియో విని కంగారుపడకు.

ఒక తప్పు చేశాను, తిట్టకుండా చదువు. నువ్వు కేకు మీద క్రీము పువ్వులు వేసే గుడ్డ సంచి నా దగ్గరుంది. తుఫానుకి విరిగిన దుప్పికొమ్ము పగడాలని నీటి అడుగున మళ్లీ బండకి అతికిస్తున్నాం. ఇసుకలో పొర్లితే అవి బతకవు. సిమెంటు చేతిలోంచి జారిపోతోందని నీ సంచిలో నింపి పిండాను. అచ్చం నీ పువ్వుల్లాగే వచ్చింది! మర్నాడు చూస్తే నేను అతికించిన పదకొండు ముక్కలూ కింద పడున్నాయి. మా పనిని నడిపించే ఎలోయిసా సంచి కుట్లలో గట్టిపడిన క్రీము గోకి చూపించింది. "కనూతో బాబాయ్, పంచదార తగిలితే సిమెంటు గట్టిపడదయ్యా! పగడాలకి పుట్టినరోజు చేద్దామనుకున్నావా?" అంది. పడవంతా నవ్వులే. నాకు మాత్రం ఏడుపొచ్చింది. నిన్నడిగుంటే నువ్వే కడిగిచ్చేదానివి. సంచిని వేణ్ణీళ్లలో ఉతికి, అన్నీ మళ్లీ అతికించాను.

మోకాలికి కొబ్బరినూనె రాస్తున్నావా? వచ్చే పడవలో కర్రపెండలం రొట్టెలు పంపు, ఎండుచేపలొద్దు. సంచి సంగతి మర్చిపో, కొత్తది కుట్టుకో. దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

పెళ్లయిన కొత్తలో నీకు షోకు చూపించబోయి లంగరు విసిరి పగడం విరగ్గొట్టానే, ఆ బండ మీదా ఒక ముక్క పెట్టాను. ఇవాళ పొద్దున చేత్తో కదిపి చూశాను. కదల్లేదు.

నీ మొగుడు, కనూతో