పదిహేడో గడి

సోమవారం

వానపాముల పరిశోధకురాలు మేడం గారికి, ప్రయాణ భద్రతా విభాగం గుమాస్తా నమస్కరించి రాసేది.

మీరు సదస్సుకు వెళ్తున్న దేశం మా ప్రమాదాల జాబితాలో ఎర్రరంగులో ఉంది. టీకాలు, బీమా అన్నీ బాగున్నాయి. ఫారంలో పదిహేడో గడి ఒక్కటే తేడా కొడుతోంది. మిమ్మల్ని ఎవరైనా ఎత్తుకుపోతే, ఫోన్లో మాట్లాడేది మీరేనని తేల్చుకోవడానికి ఒక ప్రశ్న, జవాబు కావాలి. జవాబు మీకు తప్ప ఎవరికీ తెలియకూడదు. శుక్రవారంలోగా నింపకపోతే ప్రయాణం లేదు.

ఇట్లు,
మీ క్షేమం కోరే గుమాస్తా

తా.క.: మీరు రాసిన ‘మా ఆయన పేరేమిటి?’ కుదరదు. అది మీ గేటు మీదే ఉంది. వెళ్ళి చూసొచ్చాను.

మంగళవారం

గుమాస్తా గారూ, నమస్తే.

పన్నెండేళ్ళు మట్టి పిసికి రాసిన పరిశోధన అండీ. నలుగురి ముందు చదివే అవకాశం ఇప్పటికి వచ్చింది. అయినా నన్నెవడు ఎత్తుకుపోతాడు? వానపాముల గురించి అరగంట వింటే వాడే దింపి వెళ్తాడు.

సరే, రాసుకోండి. ప్రశ్న: అమ్మమ్మ నిలువుటద్దం పగలగొట్టిందెవరు? జవాబు: నేను. తొమ్మిదేళ్ళప్పుడు బంతి విసిరాను. తిట్లు మా చెల్లి తింది. ముప్పై ఏళ్ళుగా కడుపులో దాచుకున్నాను.

ఇట్లు,
మట్టిమనిషి

తా.క.: ఇది చెల్లికి తెలిస్తే ఎర్రరంగు మా ఇంటికే వేయాలి.

బుధవారం

మేడం గారికి,

జవాబు ఇంకెవరికీ తెలియదని సరిచూడటం మా నిబంధన. ఆపదలో పిలవమని మీరిచ్చిన నంబరుకు ఫోన్ చేశాను. మీ చెల్లెలట. అద్దం పగలగొట్టిందెవరని అడిగాను. ‘ఎందుకు?’ అన్నారు. మీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. ఆవిడ ఠక్కున ఫోన్ పెట్టేశారు. అంటే తెలియదన్నమాటే. అనుమతి మంజూరు!

ఇట్లు,
గుమాస్తా

తా.క.: ఇప్పుడు తెలిసిపోయింది కాబట్టి అనుమతి రద్దు. కొత్త ప్రశ్న పంపగలరు.

గురువారం

మహానుభావా,

చెల్లి ఫోన్ ఎత్తడం లేదు. ఇంటికి వెళ్తే తలుపు తీయలేదు. కిటికీలో పరదా కదిలింది, అంతే. సదస్సు మాట తర్వాత, నాకు నా చెల్లి కావాలి. కొత్త ప్రశ్న రాసుకోండి: అది నాతో మళ్ళీ ఎప్పుడు మాట్లాడుతుంది? జవాబు నాకూ తెలియదు.

ఇట్లు,
మీరు ఉద్ధరించిన మనిషి

తా.క.: ఇంకెవరికీ ఫోన్ చేయకండి. దణ్ణం పెడతాను.

శుక్రవారం

మేడం గారికి,

ఫోన్ చేయలేదు. మీ చెల్లెలే ఆఫీసుకు వచ్చారు. నిన్న తలుపు తీయనిది కోపంతో కాదట, సిగ్గుతోనట. ఆ అద్దం ముందురోజే ఆవిడ చేతిలో పగిలిందట. జిగురుతో అతికించి నిలబెట్టారట. మీ బంతి తగిలింది ఆ అతుకులకే. అమ్మమ్మ తిడుతుంటే తన గుట్టు బయటపడిందనుకుని నోరెత్తలేదట. ఇన్నేళ్ళూ మీరు బాధపడ్డారని తెలిసి, నా బల్ల మీద తలపెట్టి ఏడ్చారు.

కాబట్టి మీ జవాబు తప్పు. అయితే ఆ ప్రశ్నకు ‘నేను’ అని తప్పు చెప్పే మనిషి లోకంలో మీరొక్కరే. గడి నిండింది. అనుమతి మంజూరు. ఎత్తుకుపోతే మాత్రం దయచేసి తప్పే చెప్పండి.

ఇట్లు,
గుమాస్తా

తా.క.: చెల్లెలుగారు కూడా మీతో వస్తారట. నా ఎదురుగానే ఫారం నింపుతున్నారు. పదిహేడో గడిలో ‘మా ఆయన పేరేమిటి?’ అని రాశారు. త్వరగా రండి.