ట్ ఎవరి సొత్తు?

అత్తయ్యకు,

నీ పంతులమ్మ నమస్కారాలు. ల్యాబ్‌లో నా పనేమిటని వీధిలో అందరూ అడుగుతున్నారన్నావు. గబగబా మాట్లాడే ఇంగ్లీషులో ఒక మాట ఎక్కడ ముగిసి ఇంకోటి ఎక్కడ మొదలవుతుందో చెవికి ఎలా తెలుస్తుందని చూస్తున్నాం. గ్రే టేప్ అంటే బూడిదరంగు టేపు. గ్రేట్ ఏప్ అంటే పెద్ద కోతి. త్వరగా పలికితే రెండూ ఒకేలా ఉంటాయి. మరి మధ్యలో ఆ ట్ ఎవరి సొత్తు? ఇలాంటివి కొన్ని నా గొంతుతోనే చదివి నీ ఫోనుకి పంపాను, కాగితంలో ఒక్కోదానికి ఒక్కో వరస. ట్ మొదటి మాటదనిపిస్తే ఇందులో పెట్టిన కాగితంలో మొదటి గడిలో, రెండో మాటదనిపిస్తే రెండో గడిలో టిక్కు పెట్టి పంపు.

నీ మేనకోడలు

తా.క. ఫోను చెయ్యకు. నువ్వు మొదలుపెడితే నాకు వినడమే తప్ప చెప్పడం ఉండదు.

*

పంతులమ్మకి అత్తయ్య దీవెనలు.

నువ్వు నేర్పిన అక్షరాలతోనే రాస్తున్నాను, తప్పులుంటే బాధ్యత నీదే. నీ పరీక్ష కాగితం అందింది. కుట్టుపని ఆపి అందరం విన్నాం. గుండీలు కుట్టే ఆవిడ మొదటి గడి అంది, మీ మావయ్య రెండోది అన్నాడు. మన ఇంట్లో బడి మెట్లెక్కింది నువ్వొక్కదానివే, నిన్ను మేమే ఫెయిల్ చేస్తామా? అందుకే ప్రతి వరసలో రెండు గడుల్లోనూ పెట్టేశాను. ఎటు తిరిగినా నీకు మార్కు పోదు.

అత్తయ్య

తా.క. కొన్నిచోట్ల ట్ దగ్గరే ఆగిపోయావు. నత్తి మొదలైందా? వేళకి తినకపోతే ఇలాంటివే వస్తాయి.

*

అత్తయ్యా,

నత్తీ లేదు, ఆకలీ లేదు. మా మేడమ్ నీ కాగితం చూసి, మీ అత్తయ్యగారిది మంచి మనసని పక్కన పెట్టేశారు. మళ్ళీ ఒక్కదానివే విని, వరసకి ఒక్క టిక్కే పెట్టు. ఇక్కడ విన్నవాళ్ళందరికీ అంతో ఇంతో ఇంగ్లీషు వచ్చు. బొత్తిగా రాని చెవి నీదొక్కటే, దాని కోసమే ఆగాం. నేననుకున్నట్టు తేలితే నన్ను ఇక్కడే పర్మినెంటు చేస్తారు. తేలకపోతే పెట్టె సర్దుకుని వచ్చి నీ పక్కన మిషను తొక్కడమే. కానీ తేలుతుంది, చూడు.

నీ మేనకోడలు

తా.క. మావయ్యని ఓటింగుకి పిలవకు.

*

పంతులమ్మకి,

మావయ్యని బయటికి పంపి, తలుపేసుకుని విన్నాను. వరసకి ఒకటే టిక్కు. చదువులేనిదాన్ని, నా చెవికి తోచింది పెట్టాను. తేలకపోయినా బెంగపెట్టుకోకు, కొంపలేం మునగవు.

అత్తయ్య

తా.క. నీ మిషనుకి నూనె వేయించాను, బెల్టు మార్పించాను. కిటికీ పక్కకి జరిపాను, నీకు వెలుతురు ఇష్టం కదా.

*

దొంగ అత్తయ్యకు,

నీ కాగితం చూసి పెట్టె సర్దడం మొదలుపెట్టాను. అన్నీ తప్పులే. ఇప్పుడు చెప్పొచ్చు కాబట్టి చెబుతున్నాను. ఆ ట్‌ని నేను కంప్యూటర్లో కొన్నిచోట్ల సాగదీశాను, కొన్నిచోట్ల కత్తిరించాను. సాగితే అది రెండో మాటకి మొదలని, పొట్టిదైతే మొదటి మాటకి చివరని చెవి అనుకుంటుంది. నువ్వేమో సాగినచోటల్లా మొదటి గడి, పొట్టిచోటల్లా రెండో గడి. ఒక్కటంటే ఒక్కటీ గురి తప్పలేదు.

మేడమ్ మాత్రం నవ్వారు. "తెలియనివాళ్ళకి సగమైనా ఒప్పు తగులుతుంది. అన్నీ తప్పు పెట్టాలంటే అన్నీ సరిగ్గా వినపడాలి. మీ అత్తయ్యకి నువ్వు ఇంటికి రావాలని ఉందా ఏంటి?" అని అడిగారు. నూనె వేసిన మిషను సంగతి చెప్పాను.

జాకెట్టుని లోపలి వైపు తిప్పి కుట్టాక పైకి తిరగెయ్యాలని నేర్పింది నువ్వే. నీ కాగితాన్నీ అలాగే తిరగేసి చూశాం. నన్ను పర్మినెంటు చేశారు.

నీ మేనకోడలు

తా.క. మిషను కిటికీ పక్కనే ఉండనీ, సెలవు దొరికినప్పుడల్లా వచ్చి తొక్కుతాను. వచ్చే పరీక్షకీ మేడమ్ నీ చెవే కావాలంటున్నారు. నిజం పెట్టినా ఫరవాలేదట, అబద్ధం పెట్టినా ఫరవాలేదట. మధ్యలో జాలిపడి మనసు మార్చుకోవద్దని మాత్రం చెప్పమన్నారు.